మూసీకి పగ్గాలు వేసిన పెన్షనరు

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని మనం ఏటా సెప్టెంబరు 15వ తేదీన, ఇంజనీర్ల దినోత్సవం నాడు తలచుకుంటాము. ఆయన పేరు వినని వారుండరు. కాని హైదరాబాదు నగరాన్ని మూసీ వరదల నుంచి కాపాడే పథకం వేయడానికి వచ్చేనాటికి ఆయన ఉద్యోగ విరమణ చేసిన వ్యక్తి అన్న సంగతి చాలామందికి తెలియదు. పెన్షనర్ల ప్రత్యేక సంచికకు ఇంతకంటె తగిన జీవితం ఏముంటుంది?

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఇంట్లో మాట్లాడే భాష తెలుగే. పుట్టినది మాత్రం మైసూరు సంస్థానంలో, చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దెనహళ్ళిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదివి 1881లో బి.ఏ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా వెళ్ళి 1883లో ఇంజనీరింగులో ప్రథముడిగా నిలిచారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. సింధులోని సుక్కూరుకు మంచినీటి పథకం, ఖడక్‌వాస్లాలో నీరు నిండగానే వాటంతట అవే తెరుచుకునే గేట్లు, ఏడెన్‌కు మురుగునీటి పథకం ఆ సర్వీసులోనివే. పేరు ఎంత వచ్చినా పై పదవులు తెల్లవారివే గనుక 1908లో స్వచ్ఛందంగా విరమణ కోరారు. పాతికేళ్ళ సర్వీసు నిండకపోయినా ప్రభుత్వం ప్రత్యేకంగా పెన్షను మంజూరు చేసింది.

ఆయన విదేశీ పర్యటనలో ఉండగానే, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. వీధులకు వీధులే కొట్టుకుపోయాయి. నిజాం ప్రభుత్వం ఆయనకు కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరారు.

ఆనాడు జనం దానిని దైవకోపం అన్నారు. పాలకులు కూడా నది వెంట ఒక గోడ కట్టి చేతులు దులుపుకోవచ్చు. విశ్వేశ్వరయ్యగారు ముందు లెక్కలు అడిగారు. ఏ ఊరిలో ఎంత వాన పడింది, నీరు గోడల మీద ఎంత ఎత్తున మరక వదిలింది, నదికి నీరు ఎక్కడెక్కడి నుంచి వస్తుంది అని కొలిపించారు. శంషాబాదులో ఒక్కరోజులో 12.8 అంగుళాల వాన కురిసినట్లు తేలింది. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్ళ పరివాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి మరొకదాని మీద పడటం. అలా వరద పోగుపడుతూ 4,25,000 క్యూసెక్కుల నీరు ఊరి మీదికి వచ్చిందని లెక్క కట్టారు. ప్రళయం అనుకున్నదానికి కారణం దొరికింది. కారణం దొరికితే మందు కూడా దొరుకుతుంది.

1909 అక్టోబరు 1న నివేదిక ఇచ్చారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరద నీటిని వాటిలో ఆపి, నది భరించగలిగినంత మేరకే వదలాలన్నది అందులో ప్రధాన సూచన. ఊళ్ళో ఒడ్డున గట్లు, తోటలు, మురుగునీటి ఏర్పాట్లు కూడా సూచించారు. జరిగిన వరదకు సరిపెట్టుకోక, అంతకు మించిన వాన వచ్చినా ఊరు నిలవాలని ఆలోచించడం ఆ నివేదికలోని గొప్పతనం అని నా అభిప్రాయం.

నివేదిక బీరువాలో మూలపడకపోవడం మన అదృష్టం. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని దగ్గరుండి కట్టించినది విశ్వేశ్వరయ్యగారు కాదు. ఆయన 1909 చివరలోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. హిమాయత్‌సాగర్ నిర్మాణంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజనీర్ల కృషి ఉన్నది. మనవాళ్ళు అంతా ఒక్కరికే కట్టబెట్టి వీరిని మరచిపోతుంటారు.

వరద కోసం తలపెట్టిన ఆ జలాశయాలే నగరానికి దాహం తీర్చాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో 69వ నంబరు జీవో వచ్చింది. పరివాహక ప్రాంతంలో ఇళ్ళు లేస్తే వాన నీరు భూమిలోకి ఇంకక ఒక్కసారిగా పరుగెత్తుతుందన్నది పాఠశాల పిల్లలకూ తెలిసిన విషయం. పైగా గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు; ఆ తేమ కుండపోతగా దిగుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగి కాలనీల మీద పడింది. 1908లో తెగిన చెరువుల కథే మళ్ళీ చిన్నగా జరిగింది. నాటి వాన లెక్కలతో వేసిన కాలువలు నేటి వానకు సరిపోతాయా అని మళ్ళీ కొలవవలసిన పని నేటి ఇంజనీర్లది, వారి మాట వినవలసిన బాధ్యత ప్రభుత్వాలది.

విశ్వేశ్వరయ్యగారు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగరం పని ఆయన హయాములోనే సాగింది. తరువాత కూడా మురుగునీటి పనులకు సలహా ఇవ్వడానికి హైదరాబాదు వచ్చారు. 1937లో ఒరిస్సా వరదల మీద సలహా అడిగినప్పుడూ కాదనలేదు. తొంభై దాటాక గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పనిలో బీహారు వెళ్ళారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్ 14న, నూరేళ్ళు దాటాక, బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దెనహళ్ళిలో జరిగాయి.