మహావీరాచార్యుని హారము లెక్క

క్రీ.శ. 9వ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడు మాన్యఖేటము నేలుచుండగా, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచించెను. వర్తకమునకు, వైద్యమునకు, వంటకు సయితము గణితమే ఆధారమని ఆయన మతము.

అందొక లెక్క: వజ్రము, నీలము, పచ్చ, పగడము, ముత్యము. వీనిలో కొన్నింటిని ఏరి ఎన్ని విధముల హారములు కూర్చవచ్చును? ఒక్కొక్కటిగా 5, రెండేసి 10, మూడేసి 10, నాలుగేసి 5, అయిదును కలిపి 1; వెరసి 31.

ఎన్నింటిలో ఎన్ని ఏరినను చెల్లునట్టి సూత్రమును గూడ ఆచార్యుడు చెప్పెను. నేటి క్రికెట్టు జట్టుకును అదియే చాలును. 15 మందిలో 11 మందిని ఏరుటయన్నను, నలుగురిని విడుచుటయన్నను ఒక్కటే. 15, 14, 13, 12 గుణింపగా 32,760. 1, 2, 3, 4 గుణింపగా 24. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా 1,365 విధముల జట్లు.

972లో పరమార సీయకుని దండు మాన్యఖేటమును కొల్లగొట్టెను. నగరమందలి మణులు పోయినవి. మణుల లెక్క పోలేదు. పావులూరి మల్లన ఆ గ్రంథమును తెనిగించెను. 1912లో రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో మద్రాసున వెలువరించిరి. దోపిడికి అందని సొత్తు విద్య యొక్కటే యనుటకు ఆచార్యుని గ్రంథమే తార్కాణము.