జనవరి 30: పిల్లలకు చెప్పవలసిన బాపూజీ కథ

ఏటా జనవరి 30న ఉదయం 11 గంటలకు దేశమంతటా రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఢిల్లీలోని రాజ్‌ఘాట్ వద్ద జాతి తరఫున నివాళులు అర్పిస్తారు. పాఠశాలల్లో చిన్నారులు సైతం తల వంచి నిలబడతారు. ఆ మౌనం ఎవరికోసమో వారికి తెలుసు. అంతటి మంచివానిని ఎందుకు చంపారన్నదే వారికి అంతుపట్టదు. దానికి సమాధానం మహాత్మాగాంధీ మరణంలో కంటే ఆయన జీవితంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో జన్మించిన మోహన్‌దాస్ బాల్యంలో ధైర్యశాలి కాడు. దొంగలన్నా, దయ్యాలన్నా, పాములన్నా భయమే. దీపం లేనిదే నిద్ర పట్టేది కాదు. తోటివారు ఎగతాళి చేస్తారేమోనన్న బెరుకుతో బడి విడవగానే ఇంటికి పరుగు తీసేవాడు. భయం కలిగినప్పుడు రామనామం తలచుకోవాలని రంభ అనే దాది నేర్పింది. పిల్లలకు ఈ కథను ఇక్కడి నుంచే ప్రారంభించవచ్చు.

1893లో న్యాయవాదిగా దక్షిణాఫ్రికాకు వెళ్లిన గాంధీని, మొదటి తరగతి టిక్కెట్టు ఉన్నప్పటికీ, శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో రైలు నుంచి దింపివేశారు. అన్యాయానికి లొంగకుండా, ఎవరిపైనా చేయి ఎత్తకుండా పోరాడే సత్యాగ్రహ మార్గం ఆ దేశంలోనే రూపుదిద్దుకుంది. 1915లో స్వదేశానికి తిరిగివచ్చి, 1917లో చంపారన్ రైతుల పక్షాన నిలిచారు. 1930లో ఉప్పు పన్నును ధిక్కరిస్తూ సబర్మతి నుంచి దండి వరకు నడిచారు.

1946, 47 సంవత్సరాలలో ఢిల్లీకి వచ్చినప్పుడు పారిశుద్ధ్య కార్మికులు నివసించే వాల్మీకి బస్తీలో బస చేశారు. అంటరానివారని సమాజం దూరం పెట్టినవారి మధ్యనే ఉంటూ, వారి పిల్లలకు చదువు చెప్పారు. ఆ గది మందిర్ మార్గ్‌లో నేటికీ ఉంది.

దేశ విభజనతో రాజధాని అల్లర్లలో చిక్కుకుంది. 1947 సెప్టెంబరు 9న గాంధీ కలకత్తా నుంచి ఢిల్లీ చేరేసరికి ఆ బస్తీ కాందిశీకులతో నిండిపోయింది. దాంతో బిర్లా భవన్‌లో బస ఏర్పాటైంది. పురానా ఖిలాలో తలదాచుకున్న ముస్లింలనూ, పంజాబ్ నుంచి సర్వం కోల్పోయి వచ్చిన హిందువులు, సిక్కులనూ ఆయన శిబిరాలకు వెళ్లి పరామర్శించారు. నవంబరు 12న ఢిల్లీ ఆకాశవాణి కేంద్రానికి వచ్చి, కురుక్షేత్ర శిబిరంలోని కాందిశీకులను ఉద్దేశించి ప్రసంగించారు. ఆ రోజును ప్రజాసేవా ప్రసార దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

అల్లర్ల వేడి చల్లారకపోవడంతో 1948 జనవరి 13న, 78 ఏళ్ల వయసులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అన్ని మతాల పెద్దలు శాంతిని కాపాడుతామని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చిన తరువాతే, 18న విరమించారు. రెండు రోజులకే ప్రార్థనా సమావేశం వద్ద బాంబు పేలింది. వచ్చేవారిని సోదా చేస్తామని అధికారులు కోరినా అంగీకరించలేదు. ఒకనాడు చీకటికి వణికిన బాలుడు, తుపాకుల కాపలాలో ప్రార్థన చేయడానికి ఇష్టపడని పెద్దమనిషి అయ్యాడు.

జనవరి 30 సాయంత్రం సర్దార్ పటేల్‌తో సమావేశం ముగించుకొని, మనూ, ఆభాల భుజాలపై చేతులు ఆన్చి ప్రార్థనకు నడిచి వెళ్తుండగా నాథూరాం గాడ్సే మూడు గుండ్లు కాల్చాడు. గాంధీ అక్కడికక్కడే నేలకొరిగారు. మరునాడు యమునా తీరాన రాజ్‌ఘాట్‌లో అంత్యక్రియలు జరిగాయి.

ఎందుకు చంపారన్న ప్రశ్నకు పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పవచ్చు. అన్ని మతాలవారూ ఈ దేశానికి సమానమేనని గాంధీ నమ్మారు, ఆ నమ్మకాన్ని సహించలేని ద్వేషం ఆయన ప్రాణం తీసింది. గాంధీ స్మృతిగా మారిన బిర్లా భవన్‌లో ఆయన గది నుంచి ప్రార్థనా స్థలం వరకు చివరి అడుగులను రాతిలో మలిచారు. చిన్నారులను చేయి పట్టుకొని ఆ దారి వెంట నడిపిస్తే, ఆ అడుగులు ఎక్కడ ఆగిపోయాయో, ఆ మనిషి ఎటువైపు నడిచాడో వారే గ్రహిస్తారు.