త్రాసు ఎరుగని తారతమ్యము: మేడమ్ క్యూరీ జీవితము

ఒక పనికి ఒకరిని నియమించునపుడు చూడవలసినది ఏమి? ఆ పనిని చేయగల సామర్థ్యమా, లేక చేయు వ్యక్తి పుట్టుకయా? సామర్థ్యమే అని అందరును నోటితో చెప్పుదురు. నియామకపత్రముపై సంతకము చేయవలసిన సమయము వచ్చినపుడు మాత్రము ఆ సమాధానము తడబడును. మేడమ్ క్యూరీ జీవితము ఆ తడబాటునకు ఎదురు నిలిచిన జీవితము. రేడియమును కనుగొన్న శాస్త్రజ్ఞురాలిగా ఆమెను బడిపిల్లలు సైతము ఎరుగుదురు. ఆ రేడియమును వెలికి తీయుటకై ఆమె పడిన కాయకష్టమును, ఆ కష్టమునకు తగిన పదవి దొరకుటకు పట్టిన కాలమును ఎరిగినవారు అంతమంది లేరు.

ఆమె పుట్టింటి పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. పోలండు దేశమందలి వార్సా నగరమున 1867 నవంబరు 7వ తేదీన జన్మించెను. ఆనాడు ఆ నగరము రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండెను. తండ్రి గణిత, భౌతికశాస్త్రముల ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాలను నడిపిన విదుషి. దేశాభిమానము గలవాడగుటచే పాలకులు తండ్రిని ఉద్యోగమున దిగజార్చిరి. మరియాకు పదియేండ్ల ప్రాయమున తల్లి క్షయవ్యాధిచే మరణించెను. ఇన్ని కష్టముల నడుమ ఆ బాలిక 1883లో బంగారు పతకముతో ఉన్నత పాఠశాల చదువు ముగించెను. కాని పతకము విశ్వవిద్యాలయపు తలుపు తెరువలేదు. వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు.

ఆ నగరమున దేశభక్తులు కొందరు రహస్యముగా తరగతులు నడపుచుండిరి. పోలీసుల కంటబడకుండుటకై నేడు ఒక ఇంట, రేపు మరియొక ఇంట జరుగుటచే వానికి ఎగిరెడు విశ్వవిద్యాలయము అని పేరు వచ్చెను. మరియాయు, ఆమె అక్క బ్రోన్యాయు అచ్చట చదివిరి. అక్క పారిస్ నగరమునకు పోయి వైద్యవిద్య నేర్వవలెననియు, ఆ వ్యయమునకు చెల్లెలు ఉద్యోగము చేసి ధనము పంపవలెననియు, పిమ్మట అక్క చెల్లెలిని చదివింపవలెననియు ఇరువురును ఒడంబడిక చేసికొనిరి. ఆ మాట చొప్పున మరియా పల్లెటూరి సంపన్నుల ఇంట పిల్లలకు చదువు చెప్పు కొలువున చేరి ఏండ్లు గడిపెను. పగటి కొలువు ముగిసిన పిదప ఊరి రైతుబిడ్డలకు పోలిష్ భాషలో అక్షరములు నేర్పెను. ప్రభుత్వమునకు తెలిసినచో శిక్ష తప్పని కార్యమది. రాత్రులందు ఒంటరిగా భౌతికశాస్త్ర గ్రంథములు చదువుకొనెను.

1891లో ఆమె పారిస్ చేరి సోర్బాన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచ్చట ఆమె పేరు మేరీ అయ్యెను. మేడమీది ఇరుకు గదిలో చలికి వణకుచు, కొన్ని దినములు రొట్టెతోను తేనీటితోను సరిపుచ్చుకొనుచు చదివెను. 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షయందు ప్రథమ స్థానమును, మరుసటి యేట గణితమున ద్వితీయ స్థానమును పొందెను. స్వదేశమునకు మరలి అచ్చటి విద్యార్థులకు బోధింపవలెననునది ఆమె కోరిక. క్రాకో విశ్వవిద్యాలయమున స్థానమునకై ప్రయత్నించెను. స్త్రీ యను కారణమున ఆ స్థానము దక్కలేదు. ప్రథమ శ్రేణి పట్టమును తృణీకరించిన ఆ విద్యాలయము తాను పోగొట్టుకొనిన దేమియో తరువాతి కాలమున తెలిసికొని యుండును. మేరీ పారిస్ నగరమునకు తిరిగి వచ్చి, 1895 జూలైలో పియరీ క్యూరీ అను భౌతికశాస్త్రజ్ఞుని వివాహమాడెను.

1896లో బెక్వెరెల్ అను శాస్త్రజ్ఞుడు యురేనియము లవణముల నుండి కంటికి కానరాని కిరణములు వెలువడుచున్నవని గుర్తించెను. మేరీ డాక్టరు పట్టమునకై ఆ కిరణములనే పరిశోధనాంశముగా ఎన్నుకొనెను. పియరీయు, అతని అన్నయు నిర్మించిన సున్నితమైన విద్యుత్ మాపకముతో ఒక్కొక్క ఖనిజమును కొలిచెను. పిచ్‌బ్లెండ్ అను ఖనిజమున, అందున్న యురేనియమునకు తగినదానికంటె ఎంతయో ఎక్కువ కిరణశక్తి కనబడెను. తెలియని మూలకమేదియో అందు దాగియున్నదని ఆమె ఊహించెను. పియరీ తన పరిశోధనలను విడిచి ఆమెతో చేరెను. 1898 జూలైలో పొలోనియమును, డిసెంబరులో రేడియమును ఆ దంపతులు లోకమునకు ప్రకటించిరి. మొదటి మూలకమునకు స్వాతంత్ర్యము కోల్పోయిన తన దేశము పేరు పెట్టుట ఆమె దేశభక్తికి తార్కాణము.

ప్రకటించుట వేరు, కంటికి చూపుట వేరు. రసాయనశాస్త్రజ్ఞులు మూలకమును చేతికిచ్చి తూచి చూపుమనిరి. పియరీ బోధించు పాఠశాల ఆవరణమున ఒక పాత కొట్టము కలదు. పూర్వము వైద్యవిద్యార్థులు శవపరీక్షలు చేసిన చోటు అది. అద్దపు కప్పు నుండి వాన కారును. వేసవిలో ఉడుకు, శీతకాలమున గడ్డకట్టు చలి. ఆస్ట్రియా గనుల నుండి టన్నుల కొలది వచ్చిన ఖనిజపు పిప్పి ఆ వాకిట కుప్ప పడెను. పియరీ రేడియము భౌతిక ధర్మములను పరిశీలించు పనిని గైకొనెను. ఖనిజమును కరగించి, కాచి, వడగట్టి, శుద్ధిచేయు మోటుపని మేరీ వంతయ్యెను.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపదగును. బరువు పనులు స్త్రీలకు తగవని లోకము చెప్పును. ఈ కొట్టములో బరువు పని చేసినది స్త్రీ. ఆమె బలిష్ఠురాలు కాదు. సన్నని దేహము గలది. పర్యాయమునకు 20 కిలోగ్రాముల వరకు ఖనిజమును పెద్ద కడవలలో కాచుచు, తన యెత్తుండు ఇనుప కడ్డీతో గంటల తరబడి కలియబెట్టెను. కొండను ఒక్కమారుగా ఎత్తలేనివారు తట్టలతో మోయుదురు. ఆమెయు పనిని తన చేతికి అందునట్లు పంచుకొనెను. బలము కావలసిన చోట బలమును కొలువవచ్చును. కొలువకమునుపే తీర్పు చెప్పుట న్యాయము కాదు. క్షీరసాగరమును చిలికినది దేవదానవ సమూహము. ఈ సాగరమును చిలికినది ఒక్క ఇల్లాలు. 1902 నాటికి ఒక గ్రాములో పదవవంతు రేడియము లవణము ఆమె చేతికి వచ్చెను. దాని పరమాణుభారమును ఆమె నిర్ణయించెను. త్రాసునకు తూచు చేయి స్త్రీదో పురుషునిదో తెలియదు. అది బరువును మాత్రమే చెప్పును.

ఇంత పని జరిగిన ఈ ఏండ్లలో ప్రయోగశాలయందు ఆమెకు పదవియు లేదు, జీతమును లేదు. ఇల్లు గడుచుటకై 1900 నుండి సేవ్ర్ పట్టణములోని బాలికల ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించెను. ఉపాధ్యాయినులు కాబోవు బాలికలు పుస్తకమును వల్లించుటతో తృప్తిపడరాదని, స్వయముగా ప్రయోగములు చేయవలెనని ఆమె పట్టుపట్టెను. ఇంట పసిబిడ్డ ఐరీన్, బడిలో బోధన, కొట్టములో కడవలు. ఈ మూడు పనులను ఆమె ఏకకాలమున నడిపెను.

1903లో ఆమెకు డాక్టరు పట్టము లభించెను. అదే సంవత్సరమున నోబెల్ బహుమానమునకు ఫ్రెంచి అకాడమీ సభ్యులు కొందరు పంపిన సిఫారసులో బెక్వెరెల్, పియరీ క్యూరీల పేర్లు మాత్రమే ఉండెను. మేరీ పేరు లేదు. స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్-లెఫ్లర్ ఈ సంగతిని పియరీకి తెలిపెను. తనతోపాటు తన భార్యను కూడ లెక్కింపవలెనని పియరీ వ్రాసెను. అంతట ముగ్గురికిని బహుమానము దక్కెను. నోబెల్ బహుమానము పొందిన ప్రథమ మహిళ ఆమెయే. న్యాయబుద్ధిగల భర్త పూనుకొననిచో ఆ పేరు జాబితాలో చేరెడిదో లేదో చెప్పజాలము. అర్హత గలవారికి సాక్షి కూడ కావలసివచ్చుట ఆనాటి లోకరీతి. మరుసటి యేట పియరీకి సోర్బాన్‌లో ఆచార్య పదవి లభించినపుడు, ఆ ప్రయోగశాలకు మేరీ ముఖ్య పర్యవేక్షకురాలయ్యెను. తన పరిశోధనకు ఆమె జీతము పుచ్చుకొనుట అదియే మొదలు.

1906 ఏప్రిల్ 19వ తేదీన వాన కురియుచుండగా పియరీ వీధి దాటబోయి, గుఱ్ఱపు బండి క్రింద పడి మరణించెను. మేరీకి అప్పుడు ముప్పదియెనిమిదేండ్లు, ఇరువురు ఆడపిల్లలు. ప్రభుత్వము ఇవ్వజూపిన భరణమును ఆమె నిరాకరించెను. తాను పనిచేసి బిడ్డలను పోషించుకొనగలనన్నది ఆమె నిశ్చయము. విశ్వవిద్యాలయము పియరీ బోధన భారమును ఆమెకు అప్పగించెను. సోర్బాన్ చరిత్రలో స్త్రీ బోధనాపీఠమెక్కుట అదియే ప్రథమము. నవంబరు 5వ తేదీన తొలి ఉపన్యాసము. కన్నీటి మాటలు విందుమని పురజనులు క్రిక్కిరిసిరి. ఆమె ఎట్టి పీఠికయు లేక, పియరీ పాఠము ఆపిన చోటనే మొదలుపెట్టెను. 1908లో ఆమె పూర్తి ఆచార్యురాలయ్యెను. రేడియము అసలు మూలకము కాదని లార్డు కెల్విన్ వంటి మహామహుడు సందేహింపగా, ఆమె వాదమునకు దిగలేదు. డెబియర్న్ తోడ్పాటుతో 1910లో శుద్ధ లోహరూపమున రేడియమును వేరుచేసి చూపెను.

ఇంత సాధించిన పిదపను 1911 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనలేదు. కొద్దిపాటి ఓట్ల తేడాతో ఆ స్థానము ఎడ్వర్డ్ బ్రాన్లీకి పోయెను. బ్రాన్లీ అర్హత లేనివాడు కాడు. తంతిలేని వార్తాప్రసారమునకు పునాది వేసినవారిలో ఒకడు. కాని ఆ ఎన్నికలో చర్చ విజ్ఞానమునుగూర్చి మాత్రమే జరుగలేదు. ఆమె స్త్రీ యనియు, పరదేశమున పుట్టినదనియు పత్రికలు రచ్చచేసెను. మరల ఆమె ఎన్నడును ఆ గుమ్మమున నిలువలేదు. ఆ యేడు చివర మరియొక పరీక్ష. లాంజెవిన్ అను వివాహితుడైన శాస్త్రజ్ఞునితో ఆమె అనురాగమును పత్రికలు వీధికెక్కించెను. ఆ దినములలోనే రసాయనశాస్త్రమున రెండవ నోబెల్ బహుమానము ఆమెకు ప్రకటింపబడెను. బహుమానము స్వీకరించుటకు రావలదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్రీనియస్ ఆమెకు జాబు వ్రాసెను. బహుమానము రేడియము, పొలోనియములను కనుగొన్న పనికే గాని తన ఇంటి సంగతులకు కాదని ఆమె బదులు వ్రాసి, స్టాక్‌హోమ్ నగరమునకు స్వయముగా పోయి స్వీకరించెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. గాయపడిన సైనికుల దేహములలో గుండ్లు ఎచ్చట ఉన్నవో తెలియక శస్త్రవైద్యులు తల్లడిల్లుచుండిరి. ఎక్స్-కిరణ యంత్రములను మోటారు బండ్లలో యుద్ధరంగమునకు చేర్చు ఏర్పాటును మేరీ చేసెను. సుమారు 20 బండ్లు, 200 స్థిర కేంద్రములు ఆమె పూనికతో వెలసెను. ఏబదియేండ్లు సమీపించుచుండగా ఆమె మోటారు నడుపుట నేర్చి అనుమతిపత్రము పొందెను. బరువు పెట్టెలు మోసెను, చక్రములు మార్చెను, శరీరశాస్త్రము చదివెను. సుమారు 150 మంది స్త్రీలకు ఆ యంత్రములను నడుపు శిక్షణ ఇప్పించెను. పదునేడేండ్ల ఐరీన్ తల్లి వెంట నడిచెను. ప్రాణాపాయము గల ఆ పనిలో స్త్రీలు వలదని అడ్డుచెప్పుటకు అప్పుడు తీరిక లేకపోయెను. ఆపత్కాలమున తెరచుకొను తలుపులు శాంతికాలమున మూతపడుట లోకములోని వింత.

యుద్ధానంతరము ఆమె రేడియము సంస్థలో అనేక దేశముల యువతీయువకులను చేర్చుకొనెను. 1929లో ఇరువదియేండ్లు నిండని మార్గరీట్ పెరె అను యువతి విశ్వవిద్యాలయ పట్టము లేకయే అచ్చట సహాయకురాలిగా చేరెను. మేరీ ఆమె చేతి నైపుణ్యమును చూచెను. ఆ యువతియే 1939లో ఫ్రాన్సియము అను మూలకమును కనుగొనెను. మేరీకి తలుపు మూసిన అకాడమీ 1962లో ఆ శిష్యురాలిని అనుబంధ సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆ సభ ఎన్నుకొన్న ప్రథమ మహిళ పెరెయే. పూర్తి సభ్యత్వము ఒక స్త్రీకి లభించుటకు 1979వ సంవత్సరము రావలసివచ్చెను.

రేడియమును శుద్ధిచేయు విధానమును క్యూరీ దంపతులు తమ సొత్తుగా నమోదు చేయించుకొనక లోకమునకు విడిచిరి. అమెరికా స్త్రీలు చందాలు వేసికొని 1921లో ఒక గ్రాము రేడియమును మేరీకి కానుక ఇచ్చిరి. పుట్టకురుపుల చికిత్సకు రేడియము అమృతమయ్యెను. సాగరమథనమున హాలాహలమును పుట్టినది గదా! ఏండ్ల తరబడి సోకిన కిరణముల వలన ఆమె రక్తము క్షీణించెను. 1934 జూలై 4వ తేదీన ఆమె మరణించెను. ఆమె వ్రాసికొనిన పుస్తకములలో నేటికిని కిరణశక్తి ఆరలేదు. వానిని సీసపు పెట్టెలలో భద్రపరచిరి. 1995లో ఫ్రాన్సు దేశము ఆమె అస్థులను మహాపురుషుల సమాధి మందిరమైన పాంథియన్‌నకు చేర్చెను. స్వీయ ప్రతిభచే ఆ గౌరవము పొందిన ప్రథమ మహిళ ఆమె.

ఈ జీవితమున గమనింపవలసిన సత్యమొకటి కలదు. వాన కారు కొట్టములో జీతము లేని చాకిరికి ఆమెను ఎవరును స్త్రీవా అని అడుగలేదు. యుద్ధరంగమునకు బండి నడిపినపుడును అడుగలేదు. జీతము, హోదా, సభలో ఆసనము పంచవలసి వచ్చినపుడే ఆ ప్రశ్న పుట్టెను. కష్టమునకు పనికివచ్చిన చేతులు గౌరవమునకు ఏల పనికిరావు? సమానత్వ మనగా అనర్హునికి పీఠమిచ్చుట కాదు. అర్హతను కొలుచు త్రాసు అందరికిని ఒక్కటిగా ఉండుట. తరగతిలో ప్రయోగశాల తాళపు చెవిని ఎవరికి ఇత్తుమా అని ఆలోచించు ఉపాధ్యాయుడును, ఆ పని నాకు తగునా అని వెనుదీయు విద్యార్థినియు ఈ కథను ఒక్కసారి తలచుకొందురు గాక.