తన సహాయకులను తానే ఏర్పరచుకొనిన ఎడ్ రాబర్ట్స్



పరామర్శకు వెళ్లినప్పుడు మనలో అనేకులము చేయు పొరపాటు ఒకటి కలదు. మంచము మీదనున్న వానిని విడిచి, వాడు అన్నము తినుచున్నాడా, నిద్రపోవుచున్నాడా అని ప్రక్కనున్న తల్లిని అడుగుదుము. వానికిని నోరున్నదని మరచిపోవుదుము. ఈ తప్పు మాయందును కలదు. కనుకనే ఈ నెల ఎడ్ రాబర్ట్స్ జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

ఇతడు 1939 జనవరి 23వ తేదీన అమెరికా దేశమందలి కాలిఫోర్నియాలో జన్మించెను. ఆటలయందు ఆసక్తిగల బాలుడు. 1953లో, తన పదునాలుగవ యేట, పోలియో వ్యాధి తగిలెను. టీకామందు ప్రజలకు అందుటకు ఇంకను రెండేండ్లుండెను. మెడ మొదలు శరీరమంతయు చచ్చుబడి, చేతివ్రేళ్లు రెండు, కాలివ్రేళ్లు కొన్ని మాత్రము కదలుచుండెను. ఊపిరికై రాత్రులు ఇనుప ఊపిరితిత్తి అను పెద్ద యంత్రములో పండుకొనవలసివచ్చెను. నిరాశచేత అతడు అన్నము మానివేసి చిక్కి శల్యమాయెను. అయితే కడపటి నర్సు వెళ్లిపోయిన దినమున, బ్రతుకుటయో చచ్చుటయో తానే నిర్ణయించుకొనవలెనని గ్రహించి, తినుటకు సమ్మతించెను.

అతడు ఇంటినుండి టెలిఫోను ద్వారా పాఠములు వినెను. వ్యాయామమును, కారు నడుపుటయు నేర్వలేదని పాఠశాలవారు పట్టా నిరాకరింపగా, తల్లి పట్టుపట్టి సాధించెను. బర్క్లీ విశ్వవిద్యాలయమునకు పోగోరినప్పుడు, ఇతడు ఎన్నటికిని ఉద్యోగము చేయలేడని రాష్ట్ర పునరావాస శాఖవారు ధనసహాయము నిరాకరించిరి. సంగతి పత్రికలకెక్కిన పిమ్మట ఇచ్చిరి. 1962లో అతడు చేరెను. ఆ బరువైన యంత్రమునకు విద్యార్థుల వసతిగృహము తగదని, విశ్వవిద్యాలయపు ఆస్పత్రిలోనే గది ఇచ్చిరి. క్రమముగా అతనివంటివారు మరికొందరు అచ్చటికి వచ్చిరి.

తాము రోగులము కాము, చదువుకొనువారమని వారికి తెలియును. ఊరిలో, తమ యిండ్లలో, తమ యిష్టప్రకారము బ్రదుకవలెనని వారు కోరిరి. 1970లో విశ్వవిద్యాలయములోను, 1972లో బర్క్లీ పట్టణములోను ఇందుకై కార్యాలయములు ఏర్పడెను. వాటిని నడిపినవారు ముఖ్యముగా వికలాంగులే. సహాయకుల పేర్ల పట్టీ అచ్చట దొరకును. ఎవరిని పెట్టుకొనవలెనో, ఏ గంటకు లేపవలెనో, ఎట్లు ఎత్తి స్నానము చేయింపవలెనో వికలాంగుడే చెప్పును. తగనివానిని మాన్పించుటయు అతని వశమే. చక్రాల కుర్చీలు బాగుచేయుట, తగిన యిల్లు వెదకుట కూడ అచ్చటనే జరుగును.

అన్నిటికిని పరులపై ఆధారపడువాడు స్వతంత్రుడెట్లగునని కొందరడుగుదురు. స్వతంత్రత అనగా అన్ని పనులు స్వహస్తములతో చేసికొనుట కాదు, తన దినము ఎట్లు గడువవలెనో తానే నిర్ణయించుకొనుట అని రాబర్ట్స్ తన బ్రదుకుచేత చూపెను.

1975లో గవర్నరు జెర్రీ బ్రౌన్ ఇతనిని ఆ పునరావాస శాఖకే అధిపతిగా నియమించెను. ఉద్యోగమునకు పనికిరాడన్న శాఖనే అతడు నడిపెను. 1983లో వికలాంగుల కొరకు ప్రపంచ సంస్థయొకటి స్థాపించినవారిలో నొకడాయెను. 1995 మార్చి 14వ తేదీన, 56వ యేట మరణించెను. అట్టి కేంద్రములు నేడు అమెరికాలో వందలకొలది కలవు.

యెరికో మార్గమున గ్రుడ్డి బర్తిమయి కేక వేసినప్పుడు, అతని కొరత అందరికిని కనబడుచున్నను, ఏమి చేయగోరుచున్నాడో ప్రభువు అతనినే అడిగెను. మనమును ఈ నెల అట్టి యింటికి వెళ్లినప్పుడు మంచము ప్రక్కన కూర్చుండి, అతనినే అడుగుదము. గుడిలో ఎచ్చట కూర్చుండ గోరుచున్నాడు? ఎవరు ఎత్తిన అతనికి సుఖము? అతని మాట వినిన పిమ్మటనే చేయి వేయుదము.