దివాను మొదటి సాలార్ జంగ్

సాలార్ జంగ్ అనగానే మనకు మ్యూజియం స్ఫురించును. అది ఆయన మనుమడైన మూడవ సాలార్ జంగ్ సేకరణ. మేము వ్రాయదలచినది తాత మీర్ తురాబ్ అలీ ఖాన్‌ను గూర్చి.

1829లో జన్మించిన ఆయన, పినతండ్రి సిరాజుల్ ముల్క్ మరణానంతరము 1853లో హైదరాబాదు దివాను అయ్యెను. వయస్సు 24 ఏండ్లు. బొక్కసము శూన్యము. బీరారు ఆ నెలలోనే కంపెనీ వశమైనది.

శిస్తు వసూలు గుత్తేదారుల చేతిలో నుండెను. సర్కారుకు కట్టినది ఎంత, రైతునుండి గుంజినది ఎంత అని అడుగువాడు లేడు. దివాను ఆ పద్ధతిని తొలగించి, 1865లో జిల్లాబందీ గావించి, జీతముపై తాలూక్‌దార్లను నియమించెను. మన కరీంనగర్ అప్పటి ఎలగందుల జిల్లాయే.

1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌లు రెసిడెన్సీపై దాడి చేయగా, దివాను ఆంగ్లేయుల పక్షమే వహించెను. దీనిని మేము దాచము. రాజ్యము నిలిచినది గాని వీరులకు శిక్ష తప్పలేదు. 1859లోను, 1868లోను ఆయనపైననే హత్యాయత్నములు జరిగెను.

పాతను కూలద్రోయుట ఆయన స్వభావము కాదు. 1874లో రైలు వచ్చినను దర్బారు మర్యాదలు మారలేదు. ఫార్సీని ఆయన విడువలేదు. దాని స్థానమున ఉర్దూ వచ్చినది ఆయన గతించిన పిమ్మట, 1884లోనే.

బీరారును మాత్రము మరువలేదు. 1876లో ఇంగ్లండు వెళ్ళెను. ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టమిచ్చెను, లండన్ నగరము సన్మానించెను. బీరారు మాత్రము దక్కలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన మరణించెను. 1902లో ఆంగ్లేయులు బీరారును శాశ్వత కౌలుకు తీసికొనిరి.