మేజరు ధ్యాన్‌చంద్

ఏటేట ఆగస్టు 29వ తేదీన మన దేశమున జాతీయ క్రీడా దినోత్సవము జరుగును. అది హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ జన్మదినము.

ఆయన 1905లో ప్రయాగలో జన్మించెను. తండ్రి సైనికుడు. ధ్యాన్‌చంద్ కూడ 1922లో సామాన్య సిపాయిగా సైన్యమున చేరెను. కొలువు ముగిసిన పిదప రాత్రివేళ వెన్నెల వెలుగున బంతితో సాధన చేయుచుండెడివాడు. ఆ పట్టుదల వృథా పోలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో ఆయన 14 గోలులు చేసెను. భారతదేశమునకు స్వర్ణపతకము లభించెను. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున తమ్ముడు రూప్‌సింగుతో కూడి ఆడి, మరల స్వర్ణపతకమును గెలిచెను.

1936లో జట్టునకు నాయకుడై బెర్లిన్ నగరమునకు వెడలెను. ఒలింపిక్ పోటీలకు ముందు జరిగిన అభ్యాసపు ఆటలో జర్మనులు మనవారిని 4-1 గోలులతో ఓడించిరి. రెండు మారులు జగజ్జేతలైన వారికి అది గొప్ప తలవంపు. ధ్యాన్‌చంద్ మిక్కిలి కలత నొందెను, కాని క్రుంగిపోలేదు. జట్టులోని లోపమును గుర్తించి, దారా అను ఆటగానిని స్వదేశమునుండి పిలిపించిరి.

ఆగస్టు 15న తుదిపోటీ జరిగెను. ప్రత్యర్థులు ఆ జర్మనులే! సగము ఆట ముగియునప్పటికి మనకు లభించినది ఒకే గోలు. పిదప మనవారు విజృంభించి 8-1 గోలులతో విజయము సాధించిరి.

1956లో ప్రభుత్వము ఆయనను పద్మభూషణ్ బిరుదముతో సత్కరించెను. మేజరు పదవి వరకు ఎదిగిన ఆ సిపాయి 1979 డిసెంబరు 3న ఢిల్లీలో కన్నుమూసెను.

ఓటమి ఎంతటివారికైనను కలుగును. దానినుండి పాఠము నేర్చుకొనువాడే తుదకు జయమందును.