రెబెక్కా లాన్స్‌ఫీల్డ్

గొంతునొప్పి సామాన్యమైన జబ్బు. కాని స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల కలిగిన గొంతునొప్పిని ఉపేక్షిస్తే, కొందరు పిల్లల్లో అది కీళ్లవాత జ్వరానికి దారితీసి గుండె కవాటాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఈ సూక్ష్మజీవి గుట్టు విప్పడానికి జీవితాన్ని ధారపోసిన విదుషీమణి రెబెక్కా లాన్స్‌ఫీల్డ్.

ఆమె 1895 జనవరి 5న న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ దీవిలో జన్మించారు. తండ్రి సైనికాధికారి. వెల్స్‌లీ కళాశాలలో సాహిత్యం చదవాలని చేరిన రెబెక్కా, తోటి విద్యార్థిని చదువుతున్న జీవశాస్త్ర పాఠాలకు ఆకర్షితురాలై ఆ శాస్త్రాన్నే ఎంచుకున్నారు. 1916లో పట్టభద్రురాలయ్యారు. 1918లో జన్యుశాస్త్రవేత్త డొనాల్డ్ లాన్స్‌ఫీల్డ్‌ను వివాహమాడారు.

అదే సంవత్సరం రాక్‌ఫెల్లర్ సంస్థలో ఏవరీ, డోషే అనే శాస్త్రవేత్తలకు సహాయకురాలిగా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక శిబిరాల్లో ఈ సూక్ష్మజీవి ఎందరినో బలిగొన్నది. ఆ శిబిరాల నుంచి సేకరించిన నమూనాలను పరిశీలించి, చూపులకు ఒకేలా ఉన్న ఆ జీవుల్లో వేర్వేరు రకాలు ఉన్నాయని వారు 1919లో నిరూపించారు. 1925లో రెబెక్కా కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

1928లో ఆమె పరిశోధన ఫలించింది. స్ట్రెప్టోకాకస్ ఉపరితలంపై ఉండే ఒక మాంసకృత్తు రకాన్ని బట్టి మారుతుందని ఆమె కనుగొన్నారు. దానికి ఎమ్ ప్రోటీన్ అని పేరు. మన రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవిని మింగివేయకుండా అది కవచంలా అడ్డుపడుతుంది. ఆ కవచాన్ని గుర్తించే ప్రతిరక్షకాలు శరీరంలో ఏర్పడితే మాత్రం సూక్ష్మజీవి లొంగిపోతుంది. అయితే ఒక రకంపై ఏర్పడిన రక్షణ మరొక రకంపై సాధారణంగా పనిచేయదు. ఉపరితలంపై ఉండే పిండిపదార్థాన్ని ఆధారంగా చేసుకొని ఈ సూక్ష్మజీవులను ఎ, బి, సి మొదలైన వర్గాలుగా విభజించే పద్ధతిని 1933లో ప్రకటించారు. అది ఆమె పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

1961లో అమెరికా రోగనిరోధక శాస్త్రవేత్తల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1970లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు. పదవులు వరించినా ప్రయోగశాలను వీడలేదు. దేశదేశాల వైద్యులు పంపిన నమూనాలను ఓపికగా పరీక్షించి ఫలితాలు తెలియజేసేవారు. ఎనభై అయిదేళ్ల వయసులోనూ పరిశోధన సాగించిన ఆమె 1981 మార్చి 3న కన్నుమూశారు.

ఆమె కనుగొన్న మాంసకృత్తే టీకా తయారీకి మార్గం చూపింది, అవరోధాలనూ చూపింది. దానిలో 200కు పైగా రకాలున్నట్లు నేడు తెలుసు. పైగా దానిలోని కొన్ని భాగాలు గుండె కండరంలోని మాంసకృత్తులను పోలి ఉంటాయి. అందువల్ల గుండెకు హాని చేయని భాగాలను మాత్రమే ఎంచి టీకా రూపొందించడానికి శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు. ఆమోదం పొందిన టీకా ఇంకా రాలేదు. మన దేశంలోనూ ఎందరో పిల్లలు ఈ గుండెజబ్బుకు గురవుతున్నారు. ఆ టీకా సిద్ధమైన నాడు దాని వెనుక లాన్స్‌ఫీల్డ్ వేసిన పునాది ఉంటుంది.